ముప్పయ్యో మామూలు మనిషి

నంద్యాల బస్టాండు వెనక సందులో క్లినిక్ పెట్టుకున్న డాక్టర్ సంజీవయ్య పదకొండేళ్లుగా మామూలు మనుషుల కోసం వెతుకుతున్నాడు. మతి చెదిరినవాళ్లకు ఆయన దగ్గర ఏనాడూ కరువు లేదు. పొద్దున ఎనిమిదికల్లా బెంచీలు నిండిపోతాయి, తొమ్మిదికి మెట్లు నిండిపోతాయి. కరువల్లా మామూలు మనిషికే. ఇతని తలలో ఏ తేడా లేదని రాసి కింద సంతకం పెట్టగలిగినంత మామూలు మనుషులు ముప్పైమంది కావాలి. ముప్పై అంటే ఎంతలే, ఆళ్లగడ్డలో ఒక్క పెళ్లి పందిట్లోనే మూడొందల మంది ఉంటారు కదా అని మొదట్లో అనుకున్నాడు. మానసిక వైద్యంలో ఎండీ చదివాడు కానీ అప్పటికి ఆయనకు మనుషుల గురించి పెద్దగా తెలియదు.

ఆయన తండ్రి ఆర్టీసీలో కండక్టరు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు, ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికి ఉద్యోగమున్నన్నాళ్లూ టికెట్లు కొట్టాడు. ఎక్కిన మనిషి నోరు తెరవకముందే ఎక్కడ దిగుతాడో మొహం చూసి చెప్పేవాడు. కొడుకు మొహాలతో సరిపెట్టుకోలేదు, మొహం వెనక ఏముందో చూడాలన్నాడు. గుండె డాక్టరో ఎముకల డాక్టరో అవుతాడని ఎదురుచూసిన చుట్టాలు నీరుగారిపోయారు. నేటికీ ఆయన పెళ్లికి వెళితే ఆడపెళ్లివాళ్లు మగపెళ్లివాళ్ల దగ్గరికి ఉరికి, "సుట్టంగానే వచ్చినాడు లేప్పా, పని మీద గాదు" అని చెప్పుకుంటారు.

ఈ మామూలు మనుషుల వేట సరోజమ్మ వల్ల మొదలైంది. ఇరవై ఏళ్ల కిందట ఆమె ఆళ్లగడ్డ నుంచి పద్దెనిమిదేళ్ల కొడుకు ఓబులేసును చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. ఓబులేసుది శిల్పాల పని. ఆళ్లగడ్డలో శిల్పుల కొట్టాల ముందు లారీల దుమ్ములో ఇంకా తలలు రాని దేవతలు, ఇంకా కాళ్లు రాని పెద్దమనుషులు వరసగా నిలబడి ఉంటారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు వాళ్ల భుజాల మీద సంచులు తగిలిస్తారు. అలాంటి కొట్టంలో ఓబులేసు ఒకనాడు ఉలి కింద పెట్టేశాడు. రాయి వద్దంటోందన్నాడు. దెబ్బ వేస్తే ఏడుస్తోందన్నాడు. ఆ తర్వాత అన్నంలో ఎవరో ఏదో కలుపుతున్నారన్నాడు. ఆరు నెలలు ఇల్లు కదల్లేదు.

సరోజమ్మ డాక్టరును మొదట అడిగింది జబ్బు గురించి కాదు.

"నాయనా, జీపెక్కితే పిల్లోనికి ఇట్లయితాదా?"

సంజీవయ్యకు అర్థం కాలేదు. సంగతేమిటంటే, ఓబులేసు కడుపులో ఉన్నప్పుడు ఆమె దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలానికి నడిచి వస్తానని స్వామికి మొక్కుకుంది. సగం దారిలో పాదాలు వాచాయి. రోడ్డు పక్కన కూలబడింది. జీపొకటి వచ్చింది, ఎక్కేసింది. పిల్లాడి మతి చెదిరాక అత్తగారు ఆ జీపును తవ్వి తీసింది. అత్త పోయాక చిన్నాడబిడ్డ నరసమ్మ అందుకుంది. పెళ్లిలో, పేరంటంలో, దినం భోజనంలో, ఎక్కడ నలుగురు విస్తళ్ల ముందు కూర్చున్నా జీపు వచ్చి నిలబడేది. "నేను కండ్లారా సూసినా, ముందుసీట్ల కూసునింది" అనేది నరసమ్మ. ఆ రోజుకు నరసమ్మకు మూడేళ్లు.

సంజీవయ్యకు అప్పుడు కుర్రతనం, వేడి ఎక్కువ. "జీపుకూ దీనికీ సంబంధం ఏందమ్మా! ఇది మెదడులో వచ్చే జబ్బు. పేరు స్కిజోఫ్రేనియా. ఒకరోజు మెదడు ఫోటో తీసి చూపిస్తా. మీ ఆడబిడ్డకు గూడా చూపిద్దువు" అన్నాడు.

మాత్రలతో ఓబులేసు రెండేళ్లకు మళ్లీ ఉలి పట్టాడు. తర్వాత పెళ్లయింది, కూతురు పుట్టింది. రాళ్లు నోరు మూసుకున్నాయి. నరసమ్మ మూసుకోలేదు. ప్రతి నెలా మాత్రలకు వచ్చినప్పుడల్లా సరోజమ్మ గుమ్మంలోనే అడిగేది: "ఫోటో వచ్చినాదా సార్?"

అసలు మెదడు సంగతి జనానికి ఎక్కించడమే కష్టం. వెనకటికి ఈజిప్టులో రాజు చనిపోతే గుండెను భద్రంగా దాచి, మెదడును ముక్కులోంచి కొక్కెంతో లాగి పారేసేవాళ్లట. పై లోకంలో దానితో ఏం పని అనుకున్నారు కాబోలు. మనవాళ్లూ తక్కువ తినలేదు. మనసు బాగలేదంటూ ఎవరైనా సరే చెయ్యి రొమ్ము మీద వేసుకుంటారు. ఆ చేతిని రొమ్ము మీది నుంచి ఒక జానెడు పైకి జరపడానికే సంజీవయ్యకు సగం జీవితం పట్టింది. కొందరిలో మెడ దాకా తేగలిగాడు.

పదకొండేళ్ల కిందట బెంగళూరులోని ఒక పెద్ద సంస్థ ఆయనను పరిశోధనలో కలుపుకుంది. లెక్కలన్నీ వాళ్లు చేస్తారు, మనుషులను ఈయన తేవాలి. స్కిజోఫ్రేనియా ఉన్నవాళ్లు ముప్పై, లేనివాళ్లు ముప్పై. ఒక్కొక్కరికి వయసులో, చదువులో, చేతివాటంలో సరిజోడు ఉండాలి. అందరినీ ఒకే ఎమ్మారై మిషన్‌లో తీయాలి, మిషన్ మారితే కొలతలు మారతాయి. నంద్యాలలో ఒక స్కానింగ్ సెంటరువాళ్లు ఆదివారం పొద్దున ఖాళీ ఇస్తామన్నారు. అక్కడ మిషన్ చూసుకునే జహీర్ కూడా సరేనన్నాడు. జబ్బు ఉన్నవాళ్లు రెండేళ్లలో పూర్తయ్యారు, ఓబులేసుతో సహా. ఇక మిగిలింది మామూలువాళ్లు, వాళ్ల ఫోటోలతో పోల్చేదాకా ఎవరికీ చూపడానికి ఏమీ లేదు.

వాళ్లను వడకట్టే పని భానుప్రియది. కొలిమిగుండ్ల అమ్మాయి, సోషల్ వర్క్ చదివింది. ఎంత విడ్డూరమైన ప్రశ్నయినా మొహంలో కండరం కదలకుండా అడగగలదు. ప్రశ్నల కాగితం ఎక్కడో దూరదేశంలో తయారై, బెంగళూరులో తెలుగయి, ఆళ్లగడ్డ చేరింది.

"ఎవరైనా మిమ్మల్ని గమనిస్తున్నట్టు అనిపిస్తుందా?" అని ఒక రైతును అడిగింది.

"అనిపించేదేముంది మేడం? అద్దో, టీ అంగట్లో తెల్లసొక్కాయోడు. ఇంటికాన్నుంచి నా ఎనకాల్నే వస్తాండాడు."

భానుప్రియ కిటికీలోంచి చూసింది. తెల్లచొక్కా మనిషి చప్పున పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"మీకు వ్యతిరేకంగా ఎవరైనా కుట్ర పన్నుతున్నారా?"

"ఈ సంవత్సరమా, మొత్తం మీదనా?"

అహోబిలంలో పొంగలి వండే ఒకాయన వచ్చాడు. నిదానస్థుడు, నవ్వు మొహం. సంజీవయ్యకు ఆశ పుట్టింది. ఎవరికీ వినపడని మాటలు మీకు వినపడతాయా అని అడిగితే, "స్వామి పిలుస్తాడు గదా రోజూ" అన్నాడు.

"ఏమని?"

"లెయ్‌రా, పొంగలి మాడతాంది అని."

"మాడుతూ ఉంటుందా?"

"మాడతానే ఉంటాది మేడం. స్వామి అబద్ధం చెప్తాడా?"

ఇవన్నీ దాటుకొని వచ్చినవాళ్లు చుట్టరికం దగ్గర పడిపోయేవాళ్లు. జబ్బు ఉన్నవాళ్లతో వీళ్లకు రక్తసంబంధం ఉండకూడదు. మేనమామను చేసుకున్నవాళ్లు, మేనత్త కొడుకును చేసుకున్నవాళ్లు, అక్క కూతురిని చేసుకున్నవాళ్లు. భానుప్రియ గీసిన వంశవృక్షాలు వృక్షాల్లా ఉండేవి కావు, అవుకు చెరువులో వేసే వలల్లా ఉండేవి. ఏ ముడి పట్టుకు లాగినా మరో పేషెంటు పైకి వచ్చేవాడు.

అయినా ఏడాదికి ఇద్దరో ముగ్గురో దొరికారు. అందులో ఒకడు కరెంటు లైన్‌మన్. ఫోటో తీయించుకున్నందుకు కృతజ్ఞతగా సంజీవయ్య అతనికి ఒక కాగితం ఇచ్చాడు, మెదడు ఆకారంలో లోపం ఏదీ కనపడలేదని, సంతకం, ముద్ర. ఇదే ఆయన చేసిన తప్పు. లైన్‌మన్ దాన్ని లామినేషన్ చేయించి గోడకు కొట్టాడు. నెల తిరక్కుండా చెల్లెలికి మంచి సంబంధం కుదిరింది. "వాళ్లది తలకాయ సర్టిఫికెట్ ఉండే ఇల్లు" అన్నారట మగపెళ్లివాళ్లు.

ఆ తర్వాత ఆళ్లగడ్డ నుంచి బస్సుల్లో దిగడం మొదలుపెట్టారు. గట్టు తగాదాలో ఒకరు "నీకుందా సర్టిఫికెట్?" అంటే రెండోవాడు నోరెత్తలేని పరిస్థితి. సర్పంచిగా నిలబడినవాడు ఫ్లెక్సీ మీద తన ఫోటో పక్కన మెదడు ఫోటో కూడా వేయించుకుంటానని వచ్చాడు. జిరాక్స్ అంగట్లో ప్రశ్నల కాగితం జవాబులతో సహా దొరికేది. జవాబు ఒకటే: లేదు.

"ఎవరైనా గమనిస్తున్నారా?"

"లేదు."

"కోపం వస్తుందా?"

"లేదు."

"ఆకలి?"

"లేదు సార్."

"మీ పేరు?"

"లేదు సార్" అన్నాడొకాయన ధైర్యంగా.

ఇలా పడుతూ లేస్తూ ఇరవై తొమ్మిది మంది అయ్యారు. మిగిలింది ఓబులేసు జోడు ఒక్కటే. నలభై ఏళ్లకు అటూ ఇటూ, ఐదో తరగతి, కుడిచేతి వాటం. అంతలో జహీర్ ఫోన్ చేశాడు: "సార్, పాత మిషన్ విప్పేస్తాండారు. సోమవారం కొత్తది వస్తాది. మీకుండేది ఈ ఆదివారమే."

ఆదివారం పొద్దున నలుగురు వచ్చారు. నలుగురూ పోయారు. ఒకడు ఎడమచేతి వాటం. ఒకడు సరిగ్గా అన్నింటికీ "లేదు". ఒకడు ఓబులేసుకు పెద్దమ్మ కొడుకు. నాలుగో వాడు లోపలికి రాకముందే గోడ దూకి వెళ్లాడు, బయట ఎవరిదో తెల్లచొక్కా కనపడిందని. పది గంటలయింది. స్కానింగ్ సెంటరు వసారాలో సంజీవయ్య తల పట్టుకొని కూర్చున్నాడు. ఫోటో సంగతి కనుక్కుందామని వచ్చిన సరోజమ్మ, కొడుకుతో పాటు అక్కడే బెంచీ మీద ఉంది. ఈ పూట దాటితే ఫోటో లేదని ఆమెకు తెలుసు.

"నన్నే తీయండి" అన్నాడు సంజీవయ్య.

"మీది ఎండీ, సార్. చదువు కలవదు" అంది భానుప్రియ.

"ఐదో తరగతి దాకే లెక్కలో వేసుకో."

భానుప్రియ కాగితం తీసింది. రూలు రూలే. "ఇతరులు గ్రహించలేని ఒక ప్రత్యేకమైన పని మీ మీద ఉందని నమ్ముతారా?"

సంజీవయ్య ఆలోచించాడు. "నమ్ముతా."

"ఎంతకాలంగా?"

"ఇరవై ఏండ్లు."

"ఆ నమ్మకం వల్ల నిద్ర, ఉద్యోగం, ఇంటి సంగతులు దెబ్బతిన్నాయా?"

"మా ఆవిడను అడుగు."

భానుప్రియ మూడు గళ్లలో టిక్కు పెట్టి, మొహంలో కండరం కదలకుండా అంది: "మీరు పనికిరారు సార్. మీ పేరు అవతలి జాబితాలో, జబ్బు ఉన్నవాళ్లలో రాయొచ్చు."

అప్పుడు సరోజమ్మ గొంతు సవరించుకుంది. "మామూలు మనిషంటే యట్లుండాల సార్?"

"ఏమీ వినపడకూడదమ్మా. ఎవరి మీదా అనుమానం ఉండకూడదు. పెద్ద పెద్ద ఊహలు ఉండకూడదు."

"ఏమీ ఉండకూడదా?"

"ఉండకపోతే మంచిది."

"అయితే మా నరసమ్మ మొగుడుండాడు గదా. మద్దిలేటి. ఆ మనిషికి ఏమీ ల్యా."

మద్దిలేటి ఓబులేసు పనిచేసే కొట్టంలోనే విగ్రహాలకు పాలిష్ పడతాడు. నలభై మూడేళ్లు. ఐదో తరగతి. కుడిచేయి. అవుకు నుంచి అల్లుడిగా తెచ్చుకున్న మనిషి, ఈ వలలో ఏ ముడికీ చిక్కనివాడు. ఓబులేసు ఫోన్ చేశాడు. "మామా, బేగా రా. నిన్ను ఫోటో తీస్తారంట." "సర్టిఫికెట్ ఇస్తారా?" అని వెనక నుంచి నరసమ్మ గొంతు వినపడింది. ఇస్తారనగానే మద్దిలేటిని ఆటోలో వేసి పంపింది, పదకొండున్నరకల్లా అతను నంద్యాలలో దిగాడు. ఇంటికి ఎవరో వస్తున్నందువల్ల తాను రాలేకపోయింది.

భానుప్రియ అడిగింది. "ఎవరైనా మిమ్మల్ని గమనిస్తున్నారా?"

మద్దిలేటి చాలాసేపు ఆలోచించాడు. "ఎందుకు?" అన్నాడు.

"కుట్ర ఏమైనా?"

"నాకేం తెలుస్తాది మేడం, నేను పండుకోనుంటా."

"మీలో ప్రత్యేకమైన శక్తి ఏదైనా ఉందనుకుంటారా?"

మద్దిలేటి కళ్లు మూతపడ్డాయి. సంజీవయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. పదకొండేళ్లలో ఇంత మామూలు మనిషిని ఆయన చూడలేదు.

జహీర్ మొలతాడుకున్న తాయెత్తులు విప్పించాడు. రాళ్ల దగ్గర పనిచేసేవాడు కాబట్టి కంట్లో ఇనుప నలుసు ఉంటే మిషన్ లాగేస్తుందని ముందు కళ్లకు ఎక్స్‌రే తీయించాడు. ఏమీ లేదు. మద్దిలేటి ఎక్కడ వెతికినా ఏమీ లేదు. పడుకోబెట్టి లోపలికి తోశారు. మిషన్ ధనాధనా మొదలైంది. అందరినీ భయపెట్టే చప్పుడది. మద్దిలేటికి మాత్రం కొట్టంలో పదిమంది ఒకేసారి రాయి కొడుతున్నట్టు ఉండి, ప్రాణం హాయిగా ఉండి, గురక పెట్టాడు. గురకకు తల ఊగింది. తల ఊగితే ఫోటో చెదిరింది.

"రెండుసార్లు పోయింది సార్. ఒంటిగంటకు ఇంజనీర్లొస్తారు" అన్నాడు జహీర్.

"నేను పోతా లోపలికి" అన్నాడు ఓబులేసు. వాచీ, బెల్టు తీసేసి, మద్దిలేటి కాళ్ల దగ్గర చెక్క స్టూలేసుకొని కూర్చున్నాడు. గురక మొదలయ్యే ముందు మద్దిలేటి ఎడమ బొటనవేలు సన్నగా కదులుతుంది. కదిలినప్పుడల్లా ఓబులేసు దాన్ని చిన్నగా గిల్లాడు. ఇరవై నిమిషాల పాటు ఆళ్లగడ్డలోని ఒకే ఒక్క మామూలు మనిషిని మేలుకొని ఉండేలా చూసుకున్నది పేషెంటు ఓబులేసే. అద్దం ఇవతల సంజీవయ్య నిలబడే ఉన్నాడు. ఒంటిగంటకు ఐదు నిమిషాలుండగా జహీర్ బొటనవేలు పైకెత్తి చూపించాడు.

ఐదు నెలలకు బెంగళూరు నుంచి ఫలితం వచ్చింది. పరిశోధన చేసినవాళ్లుగా పైన వేసిన పద్నాలుగు పేర్లలో సంజీవయ్యది తొమ్మిదోది. కింద ఒక బొమ్మ: బూడిదరంగు మెదడు, అక్కడక్కడ నీలం మచ్చలు. జబ్బు ఉన్న ముప్పైమంది సగటు తీసి, లేని ముప్పైమంది సగటుతో పోలిస్తే, ఆ మచ్చల దగ్గర మెదడు పై పొర వెంట్రుక మందంలో కొంత పలుచన. అంతే. ఆ బొమ్మ ఎవరి మెదడూ కాదు. ఏ ఒక్కరి ఫోటో విడిగా చూసినా జబ్బు ఉన్నదీ లేనిదీ ప్రపంచంలో ఏ డాక్టరూ చెప్పలేడు. ఈ సంగతి సంజీవయ్యకు ఎప్పటి నుంచో తెలుసు. సరోజమ్మకు చెప్పడానికే ఇన్నేళ్లుగా నోరు రాలేదు.

నెల మాత్రలకు వచ్చినప్పుడు లైటు పెట్టె మీద ఓబులేసు ఫిల్మ్ పెట్టి చెప్పేశాడు. సరోజమ్మ కళ్లజోడు సవరించుకొని చాలాసేపు చూసింది.

"అంటే ఈడ ఏమీ కనపడదా?"

"కనపడదమ్మా. జబ్బు నిజమే, మెదడులోదే. కానీ ఒక మనిషి ఫోటోలో కనపడేంతది కాదు. నీకు మాటిచ్చినా, నిలబెట్టుకోలేకపోయినా."

"మద్దిలేటిదీ, మావానిదీ పక్కపక్కన పెడితే?"

"తెలుసుకోలేం."

"ఎవరూనా?"

"ఎవరూ."

సరోజమ్మ ఫిల్మ్‌ను చీరకొంగుతో తుడిచి, కవరులో పెట్టుకుంది. "వచ్చే బుధవారం మనవరాలికి దిగువ అహోబిలంలో చెవులు కుట్టిస్తాండాం. నువ్వు రావాల సార్" అంది.

సంజీవయ్య వెళ్లాడు. సత్రంలో విస్తళ్లు వేశారు. పప్పు వడ్డించారో లేదో నరసమ్మ జీపు బయటికి తీసింది. "ఆ పొద్దు గిన నడిచింటే, ఓబులేసు తలకాయ ఇట్లయ్యేదా? మా ఆయనది సూడు." తలకాయ సర్టిఫికెట్, దానితో ఇచ్చిన ఫిల్మ్ ఆమె ఎక్కడికి వెళ్లినా సంచిలోనే ఉంటాయి.

"తియ్యే, అందరికీ చూపిద్దాం" అంది సరోజమ్మ. ఫిల్మ్ అందుకుని, తన కవరులోదీ తీసి, రెండింటినీ కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకుంది. మూలల్లో పేర్లుండే చోట రెండు బొటనవేళ్లు పెట్టింది. "దేవుడు కండ్లిచ్చినాడు గదా నీకు. ఈ రెండిట్లో జీపెక్కింది యాది?"

నరసమ్మ విస్తరి ముందు నుంచి లేచి వచ్చింది. చుట్టాలందరి ముందూ మెడ అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది" అంది, ఎడమపక్కదాన్ని వేలితో పొడుస్తూ. "చూడండప్పా, యట్ల మబ్బు పట్టినాదో. మొద్దు రాయి మాదిరుండాది. ఇంగ మా ఆయనది సూడండి, ఎంత కళగా ఉండాదో!"

సరోజమ్మ ఎడమ బొటనవేలు తీసింది. నరసమ్మ కూతురు శ్రీజ డిగ్రీ చదువుతోంది. వంగి చదివి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. "అమ్మా, అది నాయనది."

సత్రంలో గరిటెలు ఆగిపోయాయి. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ. నరసమ్మ ఒక్క క్షణం ఓడిపోయినట్టు నిలబడింది. మరుక్షణం సంజీవయ్య వైపు తిరిగింది.

"ఏంది సార్ ఇది? మా ఆయనకు ఇంత మబ్బు పట్టింటే బాగుందని సర్టిఫికెట్ ఇస్తివి!"

"బాగానే ఉందమ్మా. రెండూ బాగానే..."

"ఏం బాగ? కండ్లారా చూస్తిని గదా!"

అంతే, సత్రం మొత్తం మద్దిలేటి మీదికి మళ్లింది. తన పెళ్లిలోనే తలంబ్రాల మధ్య నిద్రపోయాడని ఒకరు గుర్తు చేశారు. తాడిపత్రి బస్సెక్కబోయి కడప బస్సెక్కి, దిగాక కూడా తేడా తెలుసుకోలేదని ఇంకొకరు. "నాకు అప్పుడే డౌటొచ్చింది" అన్నాడు ఊరివాళ్లతో పాటు వచ్చిన ఆ లైన్‌మన్ వాళ్ల పెదనాన్న. ఒక్క భోజనం పూర్తయ్యేలోగా, పదకొండేళ్లు వెతికి పట్టుకున్న ముప్పయ్యో మామూలు మనిషి సంజీవయ్య కళ్లెదుటే జబ్బుమనిషి అయిపోయాడు. మద్దిలేటి ఒకసారి తలెత్తి, "ఏమైంది?" అని, జవాబు రాకముందే పెరుగన్నంలోకి దిగిపోయాడు. పక్కన ఓబులేసు కూతురిని ఒళ్లో పెట్టుకొని, కుట్టిన చెవులు తాకకుండా ముద్దలు పెడుతున్నాడు. అతని వైపు ఎవరూ చూడటం లేదు.

సంజీవయ్య చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేశాడు. పక్కన వచ్చి కూర్చున్న సరోజమ్మ వైపు వంగి గొంతు తగ్గించాడు. "ఇది తప్పమ్మా. ఆయన ఫోటోలో మబ్బూ లేదు, ఏమీ లేదు. ఆమెకు సరిగ్గా చెప్పాల నేను."

"చెప్పు సార్, నేనొద్దన్నానా?" అంది సరోజమ్మ, పప్పు కోసం ఆకు ముందుకు జరుపుతూ. "రేపు చెప్పు. ఈ పొద్దు మాత్రం నన్ను నిమ్మళంగా తిననీ."